పునాది పగుళ్లు: విజయవాడ, గుంటూరు ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి పునాది దగ్గర పగులు కనిపించింది. ముందు ఏం చెయ్యాలి?

పూడ్చకండి. మేస్త్రిని పిలిచి సిమెంటు రాయించడమే అందరూ చేసే మొదటి పని, నష్టం మొదలయ్యేది కూడా అక్కడే. పగులు ఎటు నుంచి ఎటు పోయింది, ఎక్కడ వెడల్పు, ఎక్కడ సన్నం అన్న ఆనవాళ్లన్నీ ఆ పూతతో మాయమైపోతాయి. ముందు ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టి తీస్తే వెడల్పు కూడా తెలుస్తుంది. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. తర్వాత ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి: నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, డాబా మీద గొట్టం నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, సంపు, సెప్టిక్ ట్యాంకు పునాదికి ఎంత దూరంలో ఉన్నాయి, దగ్గర్లో పెద్ద చెట్టు ఉందా. చాలా ఇళ్లలో సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎంత వెడల్పు పగులైతే కంగారు పడాలి?

వెంట్రుకవాసి పగుళ్లు, అంటే 0.1 మి.మీ. లోపువి, ఎక్కువగా ప్లాస్టరింగు ఆరడం వల్ల వచ్చేవే. కాంక్రీటు విషయంలో ఐఎస్ 456 అనే భారత ప్రమాణం మామూలు భాగాలకు 0.3 మి.మీ., ఎప్పుడూ తడిలో గానీ మట్టిలో గానీ ఉండే భాగాలకు 0.2 మి.మీ. వరకు పగులును అనుమతిస్తుంది. నేలలో ఉండే ప్లింత్ బీముకు (గోడల అడుగున సాగే కాంక్రీటు దూలం), ఫుటింగుకు (పిల్లరు అడుగున ఉండే వెడల్పాటి దిమ్మ) ఆ రెండో లెక్కే చూసుకోవాలి. ఇటుక గోడల్లో 1 మి.మీ. దాకా చిన్నది, 5 మి.మీ. దాటితే తలుపులు పట్టెయ్యడం మొదలవుతుంది, 15 దాటితే ఇంజినీరు చూసేదాకా ఆ గదిలో పడుకోకపోవడమే మంచిది.

వెడల్పు ఒక్కటే చూసి తేల్చకూడదు. పదేళ్లుగా కదలకుండా ఉన్న 3 మి.మీ. పగులు కంటే, నెలలో అర మిల్లీమీటరు పెరిగిన కొత్త పగులే ప్రమాదం. పిల్లరు మీద అడ్డంగానో ఏటవాలుగానో పగులు వచ్చినా, కాంక్రీటు పెచ్చులూడి కడ్డీ బయటపడినా, తెల్లారేసరికి తలుపు బిగుసుకుపోయినా, గోడలో టపటపమని చప్పుళ్లు వినిపించినా వెంటనే జాకీలు (తాత్కాలిక ఆసరాలు) పెట్టించి ఇంజినీరును పిలవాలి.

పగులు వేసవిలో తెరుచుకుని వానల్లో మూసుకుంటోంది. ఎందుకు?

కింద నల్లరేగడి ఉంది కాబట్టి. గుంటూరు చుట్టుపక్కల చాలా ఇళ్ల సంగతి ఇదే. ఈ మట్టిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం నీళ్లు పీల్చి పొరలు పొరలుగా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో ఖాళీ స్థలంలో పిడికిలి పట్టేంత నెర్రెలు కనిపిస్తాయి. అవి పునాది కింద కూడా ఉంటాయి.

ఇల్లు కప్పిన చోట మధ్యలో ఎండ తగలదు, తేమ నిలకడగా ఉంటుంది. బయటి గోడల కింద మాత్రం మట్టి వేసవిలో ఎండి దిగుతుంది, ఆగస్టు నుంచి నవంబరు దాకా తడిసి పైకి లేస్తుంది. అంటే మధ్య కదలదు, అంచులు కదులుతాయి. మూల గదుల్లోనే పగుళ్లు ఎక్కువ రావడానికి ఇదే కారణం. తేలికపాటి ఒక అంతస్తు ఇళ్లు ఎక్కువ బాధపడతాయి, ఎందుకంటే ఉబ్బే మట్టిని అదిమి పట్టేంత బరువు వాటికి ఉండదు. ప్రహరీలు అన్నిటికంటే ముందు పగిలేదీ అందుకే.

పగులు తీరును బట్టి కారణం చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. కిటికీ మూల నుంచి ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా దిగిన పగులు అంటే గోడ కింద నేల ఒకచోట దిగిందనో లేచిందనో అర్థం. అది పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే గోడ కొసలు దిగుతున్నాయి. కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటే గోడ మధ్య భాగం దిగుతోంది, లేదా కొసలు లేస్తున్నాయి. ఒకే పగులు మే నెలలో పైన తెరుచుకుని అక్టోబరులో మూసుకుంటే అది నల్లరేగడి పనే.

ప్లింత్ బీము మీద కడ్డీ పొడవునా సాగిన పగులు, దాని పక్కన గోధుమ రంగు మరక కనిపిస్తే లోపల కడ్డీ తుప్పు పడుతోంది. పిల్లరుకూ గోడకూ మధ్య నిలువుగా, బీము కింద అడ్డంగా తిన్నగా వచ్చే సన్న గీతకు పునాదితో సంబంధం లేదు. ఇటుక, కాంక్రీటు వేర్వేరుగా సాగి ముడుచుకోవడం వల్ల అది వస్తుంది. ఆ గీత చూసి పునాది తవ్వించిన వాళ్లున్నారు, డబ్బు దండగ.

గోడలు బాగానే ఉండి గచ్చు మాత్రం మధ్యలో ఉబ్బి టైల్స్ లేస్తే బేస్‌మెంటు ఫిల్లింగు, అంటే గచ్చు కింద నింపిన మట్టి చూడాలి. పునాదికి తవ్విన నల్లమట్టినే తిరిగి గదుల్లో నింపేస్తే ఇలాగే జరుగుతుంది.

పగులు ఇంకా పెరుగుతోందో, ఆగిపోయిందో ఎలా తెలుసుకోవాలి?

మూడు పద్ధతులు ఉన్నాయి, మూడూ ఇంట్లో చేసుకోవచ్చు.

పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీ, రెండు కొసలూ ఎపాక్సీతో (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు) అతికించండి. ప్లాస్టరింగు మీద కాదు, ప్లాస్టరింగు చెక్కి ఇటుకకు లేదా కాంక్రీటుకు అతికించాలి. కదలిక ఉంటే గాజు విరుగుతుంది. ఎంత కదిలిందో మాత్రం గాజు చెప్పదు.

అది తెలియాలంటే పగులుకు అటొకటి ఇటొకటి రెండు స్టీలు స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత పరికరం) కొలవాలి. పదిహేను రోజులకొకసారి, పొద్దున్నే ఒకే వేళకు కొలవండి, ఎండ వేడికి గోడే సాగుతుంది కాబట్టి. కొలతతో పాటు ఆ వారం వాన పడిందా, కాలువ వదిలారా అన్నదీ రాసుకోండి.

మూడోది మేస్త్రి దగ్గరుండే ట్యూబ్ లెవెల్, అంటే మట్టం చూసే నీళ్ల గొట్టం. ఇంటి చుట్టూ పిల్లర్ల మీద ఒకే మట్టంలో గుర్తులు పెట్టించండి. మే చివర ఒకసారి, అక్టోబరు చివర ఒకసారి మళ్లీ లెవెల్ పట్టి తేడాలు రాసుకోండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కొలతలో పొరపాటు కావచ్చు. కానీ 3 మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య తేడా 10 మి.మీ.కు వచ్చిందంటే, అంటే 1/300, గోడలు పగలడం ఖాయం.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడకుండా పెద్ద మరమ్మతుకు దిగొద్దు. ముందు చెప్పిన ప్రమాద సూచనలు ఉంటే తప్ప.

మా మట్టి ఎంత ఉబ్బుతుందో పరీక్ష ఉందా?

ఉంది, ఖరీదైనది కూడా కాదు. పునాది లోతు నుంచి తీసిన మట్టిని ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలగాజుల్లో వేస్తారు. ఒకదాంట్లో స్వేదన జలం, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెంటి ఘనపరిమాణాల తేడాను కిరోసిన్‌లోని దానితో భాగిస్తే వచ్చే శాతమే ఫ్రీ స్వెల్ ఇండెక్స్. 50 లోపు అయితే బాధ తక్కువ. 100 దాటితే మామూలు ఫుటింగుల మీద నమ్మకం పెట్టుకోకూడదు. 200 దాటితే పరిస్థితి తీవ్రం. మట్టి పరీక్షల ల్యాబులు, సివిల్ విభాగం ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు ఇది చేసిపెడతాయి. నమూనాను పైపైన కాకుండా కనీసం ఐదడుగుల లోతు నుంచి ఇవ్వండి.

నీళ్లకూ పగుళ్లకూ అంత సంబంధం ఉందా? ఇంటి చుట్టూ ఏం చెయ్యాలి?

అసలు మరమ్మతు ఇదే. పగులులో ఎంత ఖరీదైన మందు నింపినా, నేల కింద తేమ మారుతూనే ఉంటే పక్కన ఇంకోచోట పగులుతుంది. అందుకే ముందు నీళ్లు, తర్వాత పగులు.

లీకులతో మొదలుపెట్టండి. రాత్రి పడుకునే ముందు కొళాయిలన్నీ కట్టేసి ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం గుర్తుపెట్టండి, తెల్లారి చూడండి. తగ్గితే పైపు కారుతోంది. సంపునూ అలాగే ఒక రోజు వాడకుండా చూడాలి. బాత్రూం మురుగు గొట్టం ప్లింత్ బీము కింద నుంచి బయటికి వచ్చేచోట అతుకు ఊడిపోవడం చాలా మామూలు. గోడ అక్కడే దిగితే ఆ గొట్టాన్ని అనుమానించండి.

తర్వాత చప్టా, అంటే గోడ పక్కన నేల మీద వేసే కాంక్రీటు గచ్చు. ఇంటి చుట్టూ 1.5 నుంచి 2 మీటర్ల వెడల్పున ఉండాలి. మూడడుగుల చప్టా చూడ్డానికి బాగుంటుంది కానీ గోడ కింద మట్టిని ఎండ నుంచి కాపాడదు. నల్లమట్టిని అడుగు నుంచి అడుగున్నర లోతు తీసేసి, ఉబ్బని ఎర్ర గ్రావెల్ 150 మి.మీ. పొరలుగా వేసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. ఇసుక ఒక్కటే నింపొద్దు. ఇసుక నీళ్లను దాచుకుని మెల్లగా కింది నల్లమట్టికి తాపుతూ ఉంటుంది. గ్రావెల్ మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు, దాని మీద 100 మి.మీ. మందాన 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు. వాలు బయటికి, 1.5 మీటర్లకు 50 మి.మీ. గోడకూ చప్టాకూ మధ్య 12 మి.మీ. సందు వదిలి పాలీసల్ఫైడ్ సీలెంటుతో నింపాలి. ఈ సందు వదలకపోతే చప్టా కదిలినప్పుడల్లా గోడను పట్టి లాగుతుంది. చప్టాలో రెండు మీటర్లకొక జాయింటు ఇవ్వండి.

30×35 అడుగుల ఇంటికి 1.5 మీటర్ల చప్టా అంటే సుమారు 7 ఘనపు మీటర్ల కాంక్రీటు, 44 బస్తాల సిమెంటు అవుతుంది. డాబా గొట్టాలన్నీ చప్టా దాటించి కాలువలో కలపాలి.

వేపచెట్టు ఇంటికి ఆనుకుని ఉంది. కొట్టించెయ్యాలా?

తొందరపడొద్దు. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి నల్లమట్టిలోంచి తేమ పీల్చి దాన్ని ఎండబెట్టి ఉంటుంది. ఒక్కసారిగా కొట్టేస్తే ఆ మట్టి మళ్లీ తడిసి ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది. కొమ్మలు ఏటేటా తగ్గిస్తూ రావడం మేలు. కొత్తగా నాటేటప్పుడు ఆ చెట్టు పూర్తిగా పెరిగితే ఎంత ఎత్తు ఉంటుందో, ఇంటికి అంత దూరంలో నాటండి. రావి, మర్రి మొక్క గోడ సందులో మొలిస్తే మాత్రం ఆ రోజే వేరుతో పీకెయ్యాలి.

ఎపాక్సీ ఇంజెక్షన్ ఎప్పుడు పనికొస్తుంది? ఎలా చేస్తారు?

కదలిక ఆగిపోయిన కాంక్రీటు పగుళ్లకు మాత్రమే. 0.2 నుంచి 5 మి.మీ. వరకు ఉన్న పొడి పగుళ్లు దీనికి తగినవి. కదిలే పగులులో ఎపాక్సీ నింపితే అతుకు గట్టిగానే ఉంటుంది, దాని పక్కన కాంక్రీటు కొత్తగా చీలుతుంది.

ముందు పగులుకు రెండువైపులా ప్లాస్టరింగు తీసి, వైరు బ్రష్‌తో రుద్ది, బ్లోయరుతో దుమ్ము ఊదెయ్యాలి. నీళ్లతో కడగకూడదు. 230 మి.మీ. బీముకు సుమారు 200 మి.మీ.కొకటి చొప్పున నిపుల్స్ (మందు ఎక్కించే చిన్న గొట్టాలు) అతికించి, మధ్య భాగాన్ని ఎపాక్సీ పుట్టీతో 3 మి.మీ. మందాన, రెండంగుళాల వెడల్పున మూసెయ్యాలి. పగులు అవతలి ముఖానికీ పోయి ఉంటే అటూ మూయాలి, లేదంటే మందంతా అటు కారిపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి, ఒక నిపుల్‌లో గాలి ఊది పక్క నిపుల్‌లోంచి వస్తోందా చూడాలి. రాకపోతే మధ్యలో పగులు దుమ్ముతో మూసుకుపోయిందన్నమాట.

రెజిన్‌నూ హార్డెనర్‌నూ డబ్బా మీద రాసిన పాళ్లలో తూచి కలపాలి, కంటి అంచనాతో కాదు. పాళ్లు తప్పితే అది ఎప్పటికీ గట్టిపడదు. ఎండాకాలంలో ఒకేసారి అరకిలో మించి కలపొద్దు, డబ్బాలోనే వేడెక్కి గడ్డకడుతుంది. నిలువు పగులైతే అన్నిటికంటే కింది నిపుల్‌తో మొదలుపెట్టి, పై నిపుల్‌లోంచి మందు వచ్చాక కిందిది మూసి పైదానికి వెళ్లాలి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుపోతుంది. ప్రెషరు కంటే ఓపిక ముఖ్యం. సన్న పగులు మెల్లగానే తాగుతుంది. రెండు రోజుల తర్వాత నిపుల్స్ కోసి గ్రైండరు పట్టాలి.

ఎంత మందు పడుతుందో ముందే లెక్కేయండి. 2 మీటర్ల పొడవు, 230 మి.మీ. లోతు, అర మిల్లీమీటరు వెడల్పు అంటే 230 మి.లీ. వృథా కలుపుకుంటే దాదాపు 350. పని అయ్యాక అందులో నాలుగో వంతే పట్టిందని చెబితే పగులు లోపలిదాకా నిండలేదు.

పగులులోంచి నీళ్లు ఊరుతున్నాయి. అప్పుడు?

మామూలు ఎపాక్సీ తడికి అంటుకోదు. నీళ్లు తగిలితే నురగలా ఉబ్బే పాలీయురిథేన్ ఇంజెక్షన్‌తో ముందు ఊట ఆపాలి. ఇది నీళ్లను ఆపుతుంది, బలం ఇవ్వదు. కృష్ణా డెల్టా వైపు కాలువలు పారే రోజుల్లో భూగర్భ జలం పైకి వస్తుంది. ఆ రోజుల్లో సంపులు, లిఫ్టు గుంటలు మరమ్మతు చేయించడం కంటే కాలువలు కట్టేశాక చేయించుకోవడం సుఖం.

ప్లింత్ బీములో కడ్డీలు తుప్పు పట్టాయి. పైపైన ప్లాస్టరింగు చేస్తే చాలదా?

చాలదు. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఏ ప్లాస్టరింగునైనా చీల్చుకుని బయటికి వస్తుంది.

ముందు బీముకు ఆసరా పెట్టండి. వదులైన కాంక్రీటంతా చెక్కెయ్యాలి. కడ్డీ ముందువైపు మాత్రమే కాదు, వెనక కూడా వేలు దూరేంత, 20 నుంచి 25 మి.మీ., ఖాళీ చెయ్యాలి. ఈ ఒక్క మెట్టు ఎగ్గొట్టడం వల్లే ఎక్కువ మరమ్మతులు రెండేళ్లలో మళ్లీ ఊడతాయి. చెక్కిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే గులాబీ రంగు వచ్చినచోట కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉంది, రంగు రానిచోట కడ్డీకి రక్షణ పోయింది. రంగు వచ్చేదాకా చెక్కాలి.

కడ్డీని మెరిసేదాకా రుద్ది కొలవండి. కోత వైశాల్యం నాలుగో వంతు పోయి ఉంటే పక్కన కొత్త కడ్డీ కట్టాలి. దాని పొడవు, పాత కడ్డీతో ఎంత మేర కలిసి ఉండాలో ఇంజినీరు చెప్పాలి. తర్వాత జింకు ప్రైమరు, పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు, అది జిగటగా ఉండగానే పాలిమర్ మోర్టారు. సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, 10 కిలోల సిమెంటుకు 1.5 కిలోల ఎస్‌బీఆర్ లేటెక్స్ (పట్టు పెంచే రబ్బరు పాలు), నీళ్లు వీలైనంత తక్కువ. ఒక్కో పొర 10, 15 మి.మీ. మించకూడదు. రెండంగుళాలు ఒకేసారి కొడితే బరువుకు జారుతుంది. ఏడు రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. మట్టిలో ఉండే ముఖానికి చివర బిటుమెన్ లేదా ఎపాక్సీ పూత వెయ్యండి.

ఇటుక గోడ పగులుకు ఏం చెయ్యాలి?

కదలిక ఆగినదైతే పగులుకు అడ్డంగా, ప్రతి నాలుగైదు వరసలకొకచోట, ఇటుకల సందును 35 మి.మీ. లోతు కోసి, 6 మి.మీ. స్టెయిన్‌లెస్ కడ్డీని పగులుకు అటు అరమీటరు, ఇటు అరమీటరు వచ్చేలా నాన్‌ష్రింక్ గ్రౌటులో (ఆరినా కుంచించుకోని సిమెంటు మిశ్రమం) పెట్టాలి. ఆ పైన 150 మి.మీ. అటూ ఇటూ వచ్చేలా వెల్డెడ్ మెష్ మేకులతో కొట్టి ప్లాస్టరింగు. ఏటా తెరుచుకుని మూసుకునే పగులుకు గట్టి మందు వద్దు, సాగే పాలీయురిథేన్ సీలెంటు పెట్టండి. లప్పం పెట్టి రంగు వేస్తే అది మరుసటి వేసవిదాకా.

మేస్త్రి సిమెంటు పాలు పోస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

రాతి కట్టు పునాదుల్లో రాళ్ల మధ్య సున్నం రాలి ఖాళీలు ఏర్పడితే సిమెంటు గ్రౌటు మంచి మందే. నీళ్లు సిమెంటు బరువులో సగం మించకూడదు, కుంచించుకోకుండా గ్రౌటు పౌడరు కలపాలి. సన్నని కాంక్రీటు పగుళ్లలోకి మాత్రం సిమెంటు రేణువులు దూరవు. పైన అరంగుళం నిండి లోపల ఖాళీ మిగులుతుంది. నీళ్లు ఎక్కువ పోసి పలచన చేస్తే దూరుతుంది కానీ ఆరాక ముడుచుకుని మళ్లీ విడిపోతుంది.

ఒక మూల దిగిపోయింది. పునాది కింద నుంచి బలపరచొచ్చా?

వీలవుతుంది. కానీ ఇంజినీరు డ్రాయింగు లేకుండా ఎవరూ గునపం ఎత్తకూడదు. గోడ పొడవును మీటరు, 1.2 మీటర్ల ముక్కలుగా విభజించి, పక్కపక్క ముక్కలు ఎప్పుడూ ఒకేసారి తవ్వకుండా, ఒకటి, నాలుగు, ఏడు అన్న వరసలో తవ్వుతారు. కొత్త కాంక్రీటు పాత పునాది అడుగుకు రెండు మూడు అంగుళాల దూరంలో ఆపి, అది గట్టిపడ్డాక ఆ సందును పొడిపొడిగా కలిపిన 1:3 మోర్టారుతో కూరాలి. ఆ సందు గట్టిగా కూరకపోతే గోడ బరువు కొత్త పునాదికి చేరదు, చేసిన పనంతా వృథా. నాలుగైదు అడుగులు దాటిన గుంటకు అంచులు కూలకుండా పలకలు కట్టించండి. నల్లమట్టి పొడిగా ఉన్నప్పుడు నిటారుగా నిలబడి, తడవగానే కూలుతుంది.

నల్లరేగడి లోతుగా ఉన్నచోట ఇలా రెండడుగులు దించితే లాభం లేదు. తేమ మారని లోతుకు చేరాలి. అక్కడ గోడకు రెండువైపులా అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున బుడ్డలా వెడల్పు చేసి నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేసి, వాటి మీద అడ్డబీములతో గోడను మోయిస్తారు. ఐఎస్ 2911 మూడో భాగం ఈ నేలల్లో పైలుకు కనీసం 3.5 మీటర్ల లోతు చెబుతుంది. అడుగున బుడ్డ వ్యాసం కాండానికి రెండున్నర రెట్లు ఉంటుంది, మట్టి ఉబ్బినా పైలు పైకి రాకుండా పట్టేది ఆ బుడ్డే.

విజయవాడలో కొండవాలున ఇల్లు. ఒకవైపే పగులుతోంది.

కొండను సగం తొలిచి, తొలిచిన మట్టినే వాలువైపు నింపి చదును చేసిన స్థలాల్లో ఇది మామూలే. గుణదల, మొగల్రాజపురం వైపు కొండవాలు ఇళ్లున్నవాళ్లు గమనించాలి. వెనక పిల్లర్లు రాతి మీద, ముందువి నింపిన మట్టి మీద ఉంటాయి. ముందువైపు దిగుతుంది, వెనక దిగదు, పగులు సరిగ్గా రెంటి మధ్య వస్తుంది. ఇక్కడ చూడాల్సింది నింపిన మట్టిని ఆపే రిటైనింగ్ గోడ. దాని వీప్ హోల్స్‌లోంచి (నీళ్లు పోవడానికి వదిలిన రంధ్రాలు) వానల్లో నీళ్లు వస్తున్నాయా? రాకపోతే వెనక నీళ్లు నిలిచి గోడను నెడుతున్నట్టే. గోడ పొట్ట ముందుకు వచ్చినట్టు కనిపిస్తే పగులు సంగతి తర్వాత, ముందు మనుషులు అక్కణ్ణుంచి జరగాలి.

2024 బుడమేరు వరదలో ఇల్లు మునిగింది. ఆ తర్వాతే పగుళ్లు వచ్చాయి.

రోజుల తరబడి నీళ్లు నిలిస్తే, సరిగ్గా దిమ్మిస కొట్టని బేస్‌మెంటు ఫిల్లింగు తడిసి కుదించుకుపోతుంది. గచ్చు మీద సుత్తితో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే కింద ఖాళీ. గచ్చు తీసి గ్రావెల్ నింపి మళ్లీ వేయించాలి. పారే నీళ్లు తగిలిన మూలల్లో ఫుటింగు కింద మట్టి కొట్టుకుపోయిందేమో ఒక గుంట తవ్వి చూడాలి. గోడల మీద తెల్లటి ఉప్పు పూస్తుంటే పొడి బ్రష్‌తో దులపండి, లోపలి తేమ పోయేదాకా రంగులు వెయ్యొద్దు.

పగుళ్లున్న ఇంటి మీద ఇంకో అంతస్తు వెయ్యొచ్చా?

పగులు కారణం తేలకుండా వద్దు. పిల్లరు దగ్గర ఫుటింగు దాకా తవ్వి దాని కొలతలు, లోతు, కింది మట్టి చూడాలి. కాంక్రీటు బలాన్ని దాన్ని పగలగొట్టకుండా చేసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో అంచనా వెయ్యాలి. 2016 నాటి ఐఎస్ 1893 పటంలో విజయవాడ మూడో భూకంప జోన్‌లో ఉంది, ఆ లెక్క కూడా చూడమనండి. పక్కకు గది పెంచేటప్పుడు కొత్త గోడను పాత గోడలో కలపకుండా 25 మి.మీ. జాయింటు వదలండి.

ఇంజినీరు రిపోర్టులో ఏమేం ఉండాలి?

పగుళ్ల పటం, కొలతలు, మట్టి పరీక్ష ఫలితం, కారణం, మరమ్మతు క్రమం, వాడాల్సిన వస్తువుల పేర్లు, పరిమాణాలు. "తగిన విధంగా రిపేరు చేయాలి" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టిన కాగితం తీసుకోకండి. మందు అమ్మేవాళ్లే పరీక్ష చేసి ఆ మందే వాడమని చెబితే, వాళ్లతో సంబంధం లేని మరొకరికి చూపించండి.

కొత్తగా నల్లరేగడిలో కడుతున్నాం. ముందే ఏం చూసుకోవాలి?

పైల్స్ మీద కడితే ప్లింత్ బీము నేలకు ఆనకూడదు, కింద కనీసం 80 మి.మీ. ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బుతుంది. ఫుటింగుకు కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) 50 మి.మీ., దానికి కవరు బ్లాకులే పెట్టించండి, కంకర రాళ్లు కాదు. తవ్విన నల్లమట్టి బేస్‌మెంటులోకి తిరిగి రాకూడదు. ఇప్పుడు దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు కనీసం పది రోజులు నీళ్లు కొట్టాలి.

మరమ్మతుకు ఏ నెలలు మంచివి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి. అప్పటికి వానలు వెనక్కి పోయి ఉంటాయి, నేల ఇంకా పూర్తిగా ఎండి ఉండదు, పగులు మధ్యస్థంగా ఉంటుంది. మే నెలలో బాగా తెరుచుకున్న పగులును గట్టిగా నింపితే వానల్లో అది మూసుకోలేక చుట్టుపక్కల గోడను నెడుతుంది. అక్టోబరులో మూసుకుపోయి ఉన్నప్పుడు చేస్తే లోపలికి మందు దూరదు. చప్టా, డ్రైనేజీ పని మాత్రం జూన్ వానలకు ముందే ముగించండి.